గాలిలో ఎవరి వాటా ఎంత? తొలగింపు పద్ధతిని పరీక్ష హాలు దాటించాలి

దీపావళి వెళ్ళిన మరుసటి వారం నుంచి గ్రేటర్ నోయిడాలో పొద్దున్నే లేచినవాళ్ళు కిటికీ తెరవడానికి ముందు ఫోన్ తెరుస్తారు. చూసేది గాలి నాణ్యత సూచీ. ఈ ఊళ్ళో నాలెడ్జ్ పార్క్-3లోనూ, నాలెడ్జ్ పార్క్-5లోనూ ఉత్తరప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి పర్యవేక్షణ కేంద్రాలు ఉన్నాయి. గాలిలో సూక్ష్మ ధూళికణాలు ఘనపు మీటరుకు ఎన్ని మైక్రోగ్రాములున్నాయో అవి రోజంతా కొలిచి పంపుతాయి. పీఎం2.5 కణాల ఇరవైనాలుగు గంటల సగటు 60 మైక్రోగ్రాములు దాటకూడదని 2009లో దేశం పెట్టుకున్న ప్రమాణం. శీతాకాలంలో ఆ గీత ఎన్నోసార్లు చెరిగిపోతుంది. అంకె పెరిగిన కొద్దీ వాదనా పెరుగుతుంది. పంజాబ్, హర్యానా పొలాల్లో తగలబెట్టిన గడ్డిదా తప్పు? ఎక్స్‌ప్రెస్‌వే మీద బండ్లదా? లేస్తున్న అపార్ట్‌మెంట్ల ధూళిదా? ఫ్యాక్టరీ పొగగొట్టాలదా?

ఈ వాదన టీ కొట్టు దగ్గర మొదలై అక్కడే ముగిసేది కాదు. జాతీయ రాజధాని ప్రాంతంలో గాలి మరీ పాడైనప్పుడు గాలి నాణ్యత నిర్వహణ కమిషన్ అంచెలంచెల ఆంక్షల ప్రణాళికను అమలు చేస్తుంది. మూడో దశకు వచ్చేసరికి మినహాయింపు పొందినవి తప్ప నిర్మాణ పనులు ఆగుతాయి. గౌతమ్ బుద్ధ నగర్ జిల్లాతో సహా పలుచోట్ల బీఎస్-3 పెట్రోలు, బీఎస్-4 డీజిలు కార్లు రోడ్డెక్కకూడదు. పని ఆగిన రోజు తాపీ మేస్త్రీకి, ఇటుకలు మోసే కూలీకి డబ్బు రాదు. పాత కారుతో కుటుంబాన్ని పోషించుకునే డ్రైవరుకు కిరాయి రాదు. పంట కోసిన వెంటనే గోధుమ విత్తాల్సిన రైతు మీద జరిమానా పడుతుంది. వీటన్నిటి వెనుక ‘కాలుష్యంలో ఫలానా దాని వాటా ఇంత శాతం’ అన్న అంకె ఉంటుంది.

ఆ అంకె ఎక్కడిది? దాన్ని రాబట్టే ప్రధాన మార్గాల్లో ఒకటి పదో తరగతి గణితంలోని చరరాశిని తొలగించే పద్ధతి మీద నిలబడింది. మార్కులు తెచ్చుకుని మరిచిపోయే పాఠంగా చాలామంది చూసే ఆ పద్ధతి ఇక్కడ ఒకరి కూడు, ఒకరి ఊపిరి నిర్ణయిస్తోంది. అందువల్ల దాన్ని బడిలో నేర్పే తీరు మారాలి. దాని జవాబులను ప్రజలకు చెప్పే తీరూ మారాలి.

ఒక్క సమీకరణంతో దొంగ దొరకడు

పర్యవేక్షణ కేంద్రం చెప్పేది మొత్తం మాత్రమే. ఘనపు మీటరు గాలిలో 200 మైక్రోగ్రాముల కణాలున్నాయంటే, రోడ్డు ధూళి, వాహనాల పొగ, గడ్డి పొగ, బొగ్గు బూడిద, చెత్త మంటలు అన్నీ కలిపి 200 అని అర్థం. అంటే ఒక్క సమీకరణం, అయిదారు తెలియని రాశులు. ఎంతటి గణిత పండితుడైనా దీన్నుంచి ఒక్కో వాటాను వేరు చేయలేడు. కొట్లో మొత్తం బిల్లు మాత్రమే చూసి కందిపప్పు ధర చెప్పమన్నట్టు ఉంటుంది. అయినా సూచీ పెరిగిన రోజే అంకెను చూపించి ‘ఇది ఫలానా వాళ్ళ పనే’ అని తేల్చేసేవారికి కొదవ లేదు.

తెలియనివి ఎన్ని ఉంటే, వాటి గురించి ఒకదానికొకటి భిన్నమైన సమాచారాలు కనీసం అన్ని కావాలి. ఇదే ఈ పాఠంలో మొదటి నీతి. శాస్త్రవేత్తలు ఆ అదనపు సమాచారాన్ని కణాల లోపల వెతుకుతారు. గాలిని వడపోత కాగితం గుండా లాగి, చిక్కిన ధూళిని ప్రయోగశాలలో విడదీస్తారు. సిలికాన్, అల్యూమినియం, కాల్షియం, పొటాషియం, సీసం వంటి మూలకాలు, సల్ఫేటు, నైట్రేటు వంటి అయాన్లు, కర్బనం ఎంతెంత ఉన్నాయో కొలుస్తారు. ప్రతి కాలుష్య మూలానికీ ఒక రసాయన ముద్ర ఉంటుంది. మట్టిలో సిలికాన్, అల్యూమినియం ఎక్కువ. గడ్డి, కట్టెల పొగలో పొటాషియం కనిపిస్తుంది. ఒక్కో మూలకానికి ఒక్కో సమీకరణం రాస్తారు: గాలిలో దొరికిన సిలికాన్ అంతా, రోడ్డు ధూళి తెచ్చినదీ, బూడిద తెచ్చినదీ, మిగతావి తెచ్చినదీ కలిపితే వచ్చేదే. ఇలా ఇరవై మూలకాలకు ఇరవై సమీకరణాలు వస్తాయి. దీనికి రసాయన ద్రవ్యరాశి తుల్యత పద్ధతి అని పేరు. ఐఐటీ కాన్పూర్ ఢిల్లీ ప్రభుత్వం కోసం చేసి 2016 జనవరిలో ఇచ్చిన అధ్యయనంలోనూ ఈ పద్ధతినే వాడారు.

వెలగపండ్ల లెక్క నుంచి వడపోత కాగితం దాకా

ఈ ఆలోచన కొత్తది కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో పండ్ల ధరల లెక్క ఒకటి ఇచ్చాడు. తొమ్మిది మాదీఫలాలు, ఏడు వెలగపండ్లు కలిపి 107. ఏడు మాదీఫలాలు, తొమ్మిది వెలగపండ్లు కలిపి 101. ఒక్కోదాని ధర ఎంత? రెండు బేరాలనూ కలిపితే పదహారేసి పండ్లకు 208, అంటే ఒక జతకు 13. ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే రెండు మాదీఫలాలకూ రెండు వెలగపండ్లకూ మధ్య తేడా 6, అంటే ఒక పండుకూ ఇంకో పండుకూ మధ్య 3. మాదీఫలం 8, వెలగపండు 5. కలపడం, తీసేయడం తప్ప ఇందులో వేరే విద్య లేదు. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో వచ్చిన తొలి శాస్త్ర గ్రంథాల్లో దానిది మొదటి వరస. తెలుగువాడికి ఈ గణితం పరాయిది కాదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అంతకు ముందే, 628లో, బ్రహ్మగుప్తుడు ఒకటికి మించి తెలియని రాశులున్న సమీకరణాలకు నియమాలు చెప్పాడు. భారతీయ గణితకారులు తెలియని రాశులకు రంగుల పేర్లు పెట్టుకున్నారు: కాలకం, నీలకం, పీతకం, లోహితకం. అందుకే ఆ అధ్యాయానికి అనేకవర్ణ సమీకరణం అని పేరు. చైనాలో ఇంకా ముందు, సుమారు రెండు వేల ఏళ్ళ కిందట కూర్చిన ‘తొమ్మిది అధ్యాయాలు’ అనే గణిత గ్రంథం, లెక్కపుల్లలను గళ్ళలో పేర్చి ఈ పనిని ఒక క్రమంలో చేయడం నేర్పింది. అందులోని ప్రసిద్ధమైన ధాన్యం లెక్క ఇది: మేలురకం, మధ్యరకం, తక్కువరకం కట్టలు వరుసగా 3, 2, 1 కలిస్తే 39 కొలతల ధాన్యం. 2, 3, 1 కలిస్తే 34. 1, 2, 3 కలిస్తే 26.

కాగితం మీద దీన్ని చేసి చూస్తే పద్ధతి గుట్టు తెలుస్తుంది. మూడో బేరాన్ని మూడింతలు చేసి మొదటిదాన్ని అందులోంచి తీసేస్తే మేలురకం మాయమవుతుంది: మధ్యరకం 4, తక్కువరకం 8 కలిపి 39. మూడోదాన్నే రెండింతలు చేసి రెండోదాన్ని తీసేస్తే: మధ్యరకం 1, తక్కువరకం 5 కలిపి 18. ఇప్పుడు తెలియనివి రెండే. ఈ రెండో ఫలితాన్ని నాలుగింతలు చేసి మొదటి ఫలితాన్ని తీసేస్తే మధ్యరకం కూడా పోయి, తక్కువరకం 12 కట్టలకు 33 కొలతలు మిగులుతాయి. ఒక కట్టకు 2.75. అక్కడినుంచి వెనక్కి వస్తే మధ్యరకం 4.25, మేలురకం 9.25. మూడు తెలియనివాటిని రెండుగా, రెండింటిని ఒకటిగా కుదించడం, చివర దొరికినదాన్ని పట్టుకుని మెట్లెక్కి రావడం. మూడైనా మూడు లక్షలైనా దారి ఇదే.

దీనికి గాస్ పేరు వచ్చింది గానీ ఆయన కనిపెట్టినవాడు కాడు. ఆయన చేసింది ఇంకో గొప్ప పని. 1810 నాటికి పాలస్ అనే గ్రహశకలం కక్ష్యను తేల్చడానికి ఆయన ముందు ఆరు తెలియని రాశులు, వాటికి రెట్టింపు సమీకరణాలు ఉన్నాయి. కొలతల్లో పొరపాట్లు ఉంటాయి కాబట్టి అన్నీ ఒకేసారి కచ్చితంగా కుదరవు. నమ్మకం లేని ఒకదాన్ని పక్కన పెట్టి, మిగతావాటితో మొత్తం మీద పొరపాటు అతి తక్కువయ్యే జవాబు కోసం ఆరు కొత్త సమీకరణాలు తయారుచేసి, వాటిని క్రమపద్ధతిలో తొలగింపుతో సాధించాడు. ఇరవై మూలకాల కొలతల నుంచి ఏడెనిమిది కాలుష్య మూలాల వాటాలు తేల్చే నేటి శాస్త్రవేత్త ఎదుట ఉన్నదీ అదే సమస్య. సాధనమూ అదే.

ముద్రలు కలిసిపోతే

ఇక్కడే అసలు చిక్కు ఉంది. సమీకరణాలు సరిపడా ఉంటే చాలదు, అవి నిజంగా భిన్నమైనవి కావాలి. ఒక చిన్న లెక్కతో చూస్తే ఇది స్పష్టమవుతుంది. ఇందులోని అంకెలు కేవలం ఉదాహరణకే.

రోడ్డు ధూళిలో 20 శాతం సిలికాన్, 8 శాతం అల్యూమినియం ఉన్నాయనుకుందాం. నిర్మాణ స్థలాల మట్టిలో 20 శాతం సిలికాన్, 7 శాతం అల్యూమినియం. గాలిలో సిలికాన్ 20 మైక్రోగ్రాములు, అల్యూమినియం 7.5 మైక్రోగ్రాములు కొలిచారు. సిలికాన్ లెక్క ప్రకారం రెండూ కలిపి 100 మైక్రోగ్రాములు. అల్యూమినియం లెక్కతో తొలగిస్తే చెరి 50. ఇప్పుడు అల్యూమినియం కొలతలో నాలుగు శాతం తేడా వచ్చి 7.5కు బదులు 7.8 అని నమోదైందనుకుందాం. మళ్ళీ తొలగిస్తే రోడ్డు ధూళి 80, నిర్మాణం 20! కొలతలో పిసరంత తేడా, జవాబులో కొండంత మార్పు. నిర్మాణాలు ఆపాలా, రోడ్లు ఊడ్చాలా అన్న నిర్ణయమే తలకిందులవుతుంది.

ఇప్పుడు రెండు మూలాలూ బాగా వేరైనవి అనుకుందాం. ధూళిలో 20 శాతం సిలికాన్, 1 శాతం పొటాషియం. గడ్డి పొగలో సిలికాన్ లేదు, పొటాషియం 8 శాతం. గాలిలో సిలికాన్ 10, పొటాషియం 4.5 అని కొలిస్తే చెరి 50 మైక్రోగ్రాములు. పొటాషియం కొలతలో అదే నాలుగు శాతం పొరపాటు జరిగితే పొగ 52 మైక్రోగ్రాములకు కాస్త పైన వస్తుంది. ధూళి 50 దగ్గరే ఉంటుంది. ఇక్కడ జవాబు స్థిరంగా ఉంది.

రెండు సందర్భాల్లోనూ పద్ధతి ఒకటే, కొలత పొరపాటూ ఒకటే. తేడా అంతా ప్రశ్న స్వభావంలో ఉంది. గ్రాఫు గీస్తే మొదటి సందర్భంలో రెండు గీతలు దాదాపు ఒకదాని పక్కన ఒకటి నడుస్తాయి. అవి కలిసే చోటు ఎక్కడో కంటికి ఆనదు. రెండో సందర్భంలో గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటాయి. నేల మట్టి, రోడ్డు ధూళి, నిర్మాణ ధూళి, బొగ్గు బూడిద వంటివాటి ముద్రలు ఒకదానికొకటి దగ్గరగా ఉండటం ఈ రంగంలో పనిచేసేవారందరికీ తెలిసిన తలనొప్పి. అందుకే నిజాయితీ గల నివేదికలు వాటిలో కొన్నింటిని కలిపి ఒకే పద్దుగా చూపిస్తాయి. వేరు చేయలేనిదాన్ని వేరు చేసినట్టు చూపకపోవడం బలహీనత కాదు, శాస్త్రం.

మరో పరిమితీ ఉంది. గాలిలోని సల్ఫేటు, నైట్రేటు కణాల్లో చాలా భాగం పొగగొట్టం నుంచి నేరుగా వచ్చినవి కావు. వాయువులుగా బయటికొచ్చి గాలిలో రసాయన చర్యలతో కణాలుగా మారినవి. ఈ పద్ధతి వాటిని ద్వితీయ కణాలుగా విడిగా లెక్కగడుతుంది గానీ, ఆ వాయువు బండిదో విద్యుత్ కేంద్రానిదో చెప్పలేదు. అడగని ప్రశ్నకు సమీకరణాలు జవాబివ్వవు. ఐఐటీ కాన్పూర్ అధ్యయనంలోనే ఇందుకు పాఠం ఉంది. ఏ మూలం నుంచి ఎంత బయటికి పోతోందని వేసిన ఉద్గారాల పట్టికలో ఢిల్లీ పీఎం2.5కు రోడ్డు ధూళి 38 శాతం, వాహనాలు 20 శాతం. శీతాకాలపు గాలిని వడపోసి చేసిన లెక్కలో మాత్రం ద్వితీయ కణాలు, వాహనాలు, జీవపదార్థాల మంటలు ముందుకొచ్చి ధూళి బాగా వెనకబడింది. రెండూ తప్పులు కావు. ఒకటి ఎంత విడుదలవుతోందని అడిగింది, రెండోది మనిషి పీల్చేచోట ఏముందని అడిగింది. ఈ తేడా చెప్పకుండా తమకు అనువైన అంకెను ఎత్తి చూపేవారు గణితాన్ని సాక్షిగా కాక, కూలి సాక్షిగా వాడుకుంటున్నారు.

యంత్రం చేస్తుంది కదా అంటే

‘ఇదంతా కంప్యూటర్ చేస్తుంది, పిల్లలకెందుకు?’ అన్నది తరచూ వినిపించే ఆక్షేపణ. కంప్యూటర్ చేస్తుందన్నది నిజమే. గ్రేటర్ నోయిడాకు పొరుగున, నోయిడా సెక్టార్ 62లోని జాతీయ మధ్యశ్రేణి వాతావరణ అంచనా కేంద్రంలో 2024 సెప్టెంబరు 26న ప్రారంభించిన ‘అరుణిక’ సూపర్ కంప్యూటర్ సామర్థ్యం 8.24 పెటాఫ్లాప్స్. సెకనుకు ఎనిమిది వేల లక్షల కోట్లకు పైగా లెక్కలన్నమాట. ప్రపంచంలోని సూపర్ కంప్యూటర్లకు 1993 నుంచి ఏటా రెండుసార్లు ర్యాంకులిచ్చే టాప్500 జాబితా వాటికి పెట్టే పరీక్ష ఏమిటో చాలామందికి తెలియదు. ఒక బ్రహ్మాండమైన రేఖీయ సమీకరణాల వ్యవస్థనిచ్చి తొలగింపు పద్ధతితో సాధించమంటారు. ఎంత వేగంగా చేస్తే అంత పై ర్యాంకు. ధాన్యం కట్టల లెక్కే ఇంకా పందెపు మైదానం. ఆ పందెంలో గెలిచినది వాతావరణ అంచనాలోనూ అంతే గొప్పగా పనిచేస్తుందని చెప్పలేం. అక్కడి సమీకరణాల్లో గుణకాలు చాలావరకు సున్నాలు, వాటికి వేరే ఉపాయాలు కావాలి. అయినా గాలి పొరల మధ్య పైకీ కిందికీ జరిగే వేడి, తేమ బదిలీని లెక్కించేచోట తొలగింపు పద్ధతి చిన్న రూపంలో ప్రత్యక్షమవుతూనే ఉంటుంది.

కానీ కంప్యూటర్‌కు ఇచ్చేస్తే పని అయిపోదు. యంత్రం ప్రతి అంకెనూ కొన్ని స్థానాలకే ఉంచుకుని మిగతాది సవరిస్తుంది. మూడంకెలు మాత్రమే ఉంచుకునే ఒక బొమ్మ యంత్రానికి రెండు సమీకరణాలిద్దాం: 0.0001 x + y = 1, x + y = 2. సరైన జవాబు రెండూ దాదాపు 1. మొదటిదాన్ని పదివేలతో గుణించి రెండోదాన్నుంచి తీసేస్తే, −9999 y = −9998 రావాలి. మూడంకెల యంత్రం రెండింటినీ పదివేలకు సవరించేస్తుంది. y = 1 అంటుంది. దాన్ని మొదటి సమీకరణంలో పెట్టి x = 0 అంటుంది. పూర్తిగా తప్పు. అదే యంత్రానికి రెండు సమీకరణాల వరసను తారుమారు చేసి ఇస్తే, x = 1, y = 1 అని సరిగ్గానే చెబుతుంది. ప్రతి అడుగులోనూ పెద్ద గుణకం ఉన్న వరసను పైకి తెచ్చుకోవడమనే ఈ చిన్న జాగ్రత్త లేకపోతే సూపర్ కంప్యూటరూ బొమ్మ యంత్రమే.

సవరింపు పొరపాట్లు పోగుపడి జవాబును ముంచేస్తాయని 1940ల్లో పెద్ద పెద్ద గణితవేత్తలే భయపడ్డారు. ఆ కాలంలో బ్రిటన్ జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఫాక్స్, గుడ్విన్, ట్యూరింగ్, విల్కిన్సన్ కలిసి పద్దెనిమిది సమీకరణాలను చేతి యంత్రాలతో సాధించడానికి సుమారు రెండు వారాలు పట్టింది. జవాబు వాళ్ళు అనుకున్నదానికన్నా ఎంతో కచ్చితంగా వచ్చింది. ఎందుకలా వచ్చిందన్న ప్రశ్నే ట్యూరింగ్ 1948 పత్రానికీ, ఆ తర్వాత విల్కిన్సన్ చేసిన పొరపాట్ల విశ్లేషణకూ దారితీసింది. చేత్తో చేసిన అనుభవం లేకపోతే ఆ ప్రశ్న పుట్టేదే కాదేమో.

బడి నేర్పేదేమిటి

ఇక గ్రేటర్ నోయిడా బడి పిల్లల సంగతి. సీబీఎస్ఈ పదో తరగతిలో గ్రాఫు, ప్రతిక్షేపణ, తొలగింపు పద్ధతులు నేర్చుకుంటారు. కుదింపులో వజ్రగుణకార పద్ధతి పోయింది. అది పోవడం మంచిదే, ఎందుకంటే అది తొలగింపు ఫలితాన్ని కంఠస్థం చేయించడం మాత్రమే. బాధ కలిగించేది పన్నెండో తరగతి. అక్కడ మూడు తెలియని రాశుల సమీకరణాలను విలోమ మాత్రికతో సాధించమంటారు. విలోమాన్ని అనుబంధ మాత్రిక ద్వారా కనుక్కోవాలి. తొలగింపుకు మాత్రిక రూపమైన వరస పరివర్తనల భాగం కుదింపులో పాఠ్యపుస్తకం నుంచి వెళ్ళిపోయింది. అంటే ప్రపంచమంతా వాడే దారి మూసేసి, ఎవరూ నడవని దారి తెరిచి ఉంచారు.

భారం తగ్గించడానికే ఇలా చేశారంటే లెక్క ఒప్పుకోదు. మూడు సమీకరణాలను తొలగింపుతో సాధించడానికి గుణకారాలు, భాగహారాలు కలిపి 17 చాలు. అనుబంధ మాత్రిక దారిలో 33 దాకా అవుతాయి. మూడు దాటితే తేడా భయంకరంగా పెరుగుతుంది. ఇరవై సమీకరణాలకు తొలగింపు పద్ధతిలో ఆరువేల లోపు లెక్కలు. నిర్ధారకాలను విస్తరించి క్రామర్ నియమంతో చేస్తే ఐదు లక్షల కోట్ల కోట్లకు పైగా పదాలు రాయాలి. సెకనుకు వంద కోట్ల పదాలు లెక్కగట్టే యంత్రానికైనా పదహారు వందల ఏళ్ళు పడుతుంది.

వేగం కన్నా ముఖ్యమైనది ఇంకొకటి. నిర్ధారకం సున్నా అయితే విలోమం లేదని సూత్రం ఆగిపోతుంది. ఎక్కడ, ఎందుకు చెడిందో దానంతట అది చెప్పదు. తొలగింపులో 0 = 0 అని వస్తే రెండు సమాచారాలు నిజానికి ఒకటేనని తెలుస్తుంది. 0 = 5 అని వస్తే ఎవరో అబద్ధం చెబుతున్నారని తెలుస్తుంది. చివర మిగిలిన గుణకం సున్నాకు మరీ దగ్గరగా ఉంటే జవాబును నమ్మేముందు ఆగమని హెచ్చరిక. ధూళి లెక్కలో జరిగిందంతా ఈ మూడో రకమే. దీన్ని పదో తరగతి పిల్లవాడికి రెండు గీతలు గీసి పది నిమిషాల్లో చూపించవచ్చు. సమాంతర రేఖలు, ఖండన రేఖలు నేర్పే పాఠ్యపుస్తకం ‘దాదాపు సమాంతర రేఖల’ గురించి మౌనంగా ఉంటుంది. నిజ జీవితంలో చిక్కులన్నీ ఆ ‘దాదాపు’లోనే ఉన్నాయి.

తెలుగు రాష్ట్రాల ఇంటర్మీడియట్ గణితం ఈ విషయంలో ముందు నడిచింది. మొదటి సంవత్సరం 1ఎ పేపరులో క్రామర్ నియమం, విలోమ మాత్రిక పద్ధతులతో పాటు గాస్-జోర్డాన్ పద్ధతిని దశాబ్దాల పాటు నేర్పారు. అయితే అది ఏడు మార్కుల ప్రశ్నగా, మెట్లు మార్చకుండా అప్పజెప్పే తంతుగా మారిపోయింది. మూడింటిలో ఏది ఎందుకు మేలో అడిగే ప్రశ్న కనిపించదు. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యాంశాలతో సమానంగా నడవాలన్న ఒత్తిడిలో ఉన్న ఆ కాస్త కూడా పోతే నష్టం పెద్దదే. సమానత్వం కోసం ఒక మంచి పాఠాన్ని ఇక్కడ తీసేయడం కన్నా, అక్కడ తిరిగి చేర్చమని అడగడం తెలివైన పని. ఇది ఢిల్లీ చుట్టుపక్కల సమస్య మాత్రమే కాదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం ఉన్నాయి. పోర్టు బొగ్గు పొడి ఎంత, ఫ్యాక్టరీలది ఎంత, బండ్లది ఎంత అన్న వాదన విశాఖలో కొత్తది కాదు. అక్కడా తీర్పు చెప్పాల్సింది ఇవే సమీకరణాలు.

చేయాల్సినవి మూడు

మొదటిది, పన్నెండో తరగతిలో వరస పరివర్తనలను తిరిగి తేవాలి. కాలం చాలదంటే అనుబంధ మాత్రికతో విలోమం కట్టే పనిని రెండు వరసల మాత్రికలకు పరిమితం చేయవచ్చు. రెండోది, పరీక్షలో కనీసం ఒక ప్రశ్న జవాబు కోసం కాక జవాబు మీద నమ్మకం కోసం ఉండాలి: కొలతలో ఇంత తేడా వస్తే జవాబు ఎంత మారుతుంది? మూడోది బడి బయటిది. కాలుష్య వాటాలు ప్రకటించే సంస్థలు ప్రతి శాతం పక్కన పొరపాటు పరిధిని, ఏయే మూలాల ముద్రలు ఒకదానితో ఒకటి కలిసిపోయాయో ఆ వివరాన్ని ఇవ్వాలి. పరిధి చెప్పని అంకెను పత్రికలు పతాక శీర్షికలో పెట్టకూడదు.

అనిశ్చితిని బయటపెడితే కాలుష్యకారులు దాన్ని సాకుగా వాడుకుంటారన్న భయం ఉంది. ఆ భయంలో నిజం లేకపోలేదు. కానీ పై లెక్కనే మళ్ళీ చూస్తే, రోడ్డు ధూళికీ నిర్మాణ ధూళికీ మధ్య పంపకం తేలకపోయినా రెండూ కలిపి 100 మైక్రోగ్రాములన్నది ఏ కొలతలోనూ మారలేదు. ఏది తెలియదో చెప్పినప్పుడే ఏది గట్టిగా తెలుసో కూడా బయటపడుతుంది. రెండు రకాల ధూళినీ తడిపి అణచాలనడానికి ఆ 100 చాలు. ఒక్క మేస్త్రీ పనిని ఆపి, రోడ్డును ఊడ్చకుండా వదిలేయడానికి మాత్రం అది చాలదు.

నాలెడ్జ్ పార్క్ కేంద్రాల అంకె రేపు ఉదయం కూడా ఫోన్లలోకి వస్తుంది. దాన్ని చూసి ఎవరో ఎవరినో వేలెత్తి చూపుతారు. అప్పుడు ఇంట్లో పదో తరగతి చదివే అమ్మాయి ‘ఇది ఒక్క సమీకరణమే కదా, మిగతావి ఏవీ?’ అని అడగగలిగితే ఆ పాఠం పరీక్ష హాలు దాటినట్టే.